జిద్దా గడియారం

జిద్దా నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఐదున్నర గంటలేనంటే నమ్ముతారా? పొద్దున ఫోన్‌లో ఆ లెక్క చూడగానే మట్టెవాడలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. అత్తరు వాసన వచ్చే అల్మారా పైన రెండు గడియారాలు ఉండేవి. ఒకటి మన టైముకు, ఒకటి జిద్దా టైముకు. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా?

ఇంటి గోడ తగాదాతో అబ్బాకూ, జిద్దాలో పనిచేసే ఆయన తమ్ముడు, మా చిచ్చాకూ మాటల్లేవు. ఒకరోజు చిచ్చా ఫోన్‌లో ఏడ్చాడు. అమ్మీ రిసీవర్‌ను అబ్బాకు అందించబోయింది.

“జర మాట్లాడుండ్రి, మాఫీ అడుగుతాండు.”

“ఫోన్ల మాఫీ ఏంది? ఐదున్నర గంటల తొవ్వనే గదా, ముంగటికొచ్చి అడగమను!”

చిచ్చా వెంటనే వస్తానన్నాడు గానీ, అక్కడ పనిలో పెట్టుకున్న సేటు దగ్గరున్న పాస్‌పోర్టు చేతికి రావడానికే మూడు రోజులు పట్టింది. ఈలోగా అబ్బా గుండె ఆగిపోయింది.

ఖననానికి ముందు చేసే జనాజా నమాజు మొదలుపెట్టే ముందు ఇమామ్ సాబ్ అడిగారు: “ఈయన మీద ఎవరికన్న కోపముంటే మాఫ్ చెయ్యుండ్రి.”

అందరూ తలలూపారు. అబ్బా మాఫ్ చేయాల్సిన తమ్ముడు మాత్రం ఇంకా ఆకాశంలోనే ఉన్నాడు.

క్షమించేవాళ్లను అల్లాహ్ క్షమిస్తాడని గ్రంథం చెబుతోంది. విమానం కోసం ఎదురుచూడకండి. మీరు మాటలు మానేసిన తమ్ముడికి ఈరోజే, ఈ పోస్టు మూసిన వెంటనే ఫోన్ చేయండి!