వేడి ఎవరిది?

ఆదోనిలో రేడియోలు బాగుచేసే అన్న, నా గిటారుకు శబ్దం పెంచే చిన్న డబ్బాను సొంతంగా చేశాడు. అందులోని పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కు వేడి పడదు. స్క్రూ తిప్పి మీటరు ముల్లును సరైన చోట నిలిపేవాడు. వెంటనే ట్రాన్సిస్టర్‌ను తాకి చూసేవాడు. ముల్లు మళ్ళీ జరిగేది.

“వేడి దానిదా, నా వేలిదా?” అని నన్నే అడిగేవాడు.

ఎమ్మిగనూరులో మాది రేకుల చర్చి. ఒక ఎండాకాలపు ఆదివారం అన్న కూడా డబ్బా వెంట వచ్చాడు. మొదటి పాటకే గిటారు గొంతు పూడుకుపోయింది. ఆయన డబ్బా మూత తీసి తువ్వాలతో విసిరాడు.

“మజ్జిగ తాపాల్నా అన్నా దానికి?”

“నగుతావేందమ్మా, దానికి జరమొచ్చింటే!”

కాసేపటికి గిటారు పలికింది.

“సరిపోయిందా?”

“సరిపోయినట్టే. మళ్ళా సూడాల” అంటూ మళ్ళీ వేలు పెట్టాడు.

ఇవాళ సాయంత్రం నుంచి మా పాపకు జ్వరం. థర్మామీటరులో తగ్గింది. అయినా నుదుటి మీద చెయ్యి పెడుతూనే ఉన్నాను. ఈ వేడి పాపదా, నా చేతిదా?