కాటమయ్య లారీకి హారన్ లేదు

కాటమయ్యకు హారన్ అంటే పడదు. కొందరికి కాకరకాయ పడదు, కొందరికి అల్లుడు పడడు, ఈయనకు హారన్ పడదు. లారీ నేర్పే మనిషికి హారన్ పడకపోవడమంటే వంట నేర్పే మనిషికి పొయ్యి పడకపోవడమే. అయినా పాలకుర్తి నుంచి జనగామ దాకా ఆయన పాత ఆరు టైర్ల లారీ నోరు మూసుకునే తిరిగేది. అన్ని లారీల వెనకా హారన్ కొట్టమని రాసి ఉంటే, దీని వెనక మాత్రం పసుపు రంగు అక్షరాల్లో ‘పిలువుండ్రి, వింటం’ అని ఉండేది.

ఉమారాణి ఆయన దగ్గర మొదటి పాఠానికి వచ్చిన పొద్దున ఆ అక్షరాలు ఇంకా ఆరలేదు. చెయ్యి ఆనిస్తే అరచేతికి పసుపు అంటింది. పసుపే కదా, శుభమే అనుకుని కొంగుకు తుడుచుకుంది.

ఆమె ఏడేళ్లుగా పాలకుర్తిలో ఆటో నడుపుతోంది. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడిపే ఆమె చిన్నమ్మ కొడుకు హరీశ్ ఎండాకాలంలో ఫోన్ చేశాడు. కాంట్రాక్టరు కొత్త బండ్లు దింపుతున్నాడు, డిసెంబరు ఒకటో తేదీ లోపల పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంటే ఒక స్టీరింగు నీదే అన్నాడు. “నర్సింహులపేట కాటమయ్య పాలకుర్తిలనే ఉంటడు గద. నాకు నేర్పింది ఆయననే అక్కా. నోరు మంచిది గాదు గని చెయ్యి మంచిది.”

నేర్పమని అడగడానికి వెళ్లిన రోజు లారీ ఆటో స్టాండు పక్కనే ఆగి ఉంది. వరుసలో ముందున్న బక్కయ్య ఆటోలోంచి తల బయటపెట్టి అందరికీ వినపడేలా అరిచాడు. “ఓ కాటమయ్యా! గామెకు లారీ ఇయ్యకు. రోడ్డు మీద మేం గూడ బతకాలె!” స్టాండంతా నవ్వింది. ఉమారాణి చెవులు కాలిపోయాయి. కాటమయ్య బక్కయ్యను ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, మీసం కింద ఏదో నమిలాడు. “రేపు పొద్దుగాల ఐదింటికి రా” అన్నాడు. అంతే.

మర్నాడు ఊరు దాటగానే రోడ్డు నడుమ ఒక ముసలాయన సైకిలు. ఏడేళ్ల అలవాటు కొద్దీ ఉమారాణి చెయ్యి దానంతటదే హారన్ మీద పడింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది.

“సార్, హారన్ పని చేస్తలేదు.”

“సార్లు బళ్లె ఉంటరు. హారన్ ఎందుకు నీకు?”

“ముందట తాత ఉన్నడు గద!”

“తాత అని తెలుసు గద. తాతా అని పిలువు.”

“లారీల నుంచి పిలుసుడా!”

“ఏం, ఆయనకు చెవులు లెవ్వా, నీకు నోరు లేదా? హారన్ కొడితే మనిషి ఉలిక్కిపడ్తడు. ఉలిక్కిపడ్డోడు ఏ దిక్కు దుంకుతడో ఆయనకే తెల్వది. పిలిస్తే తిరిగి చూస్తడు. చూసినోడు సక్కగ జరుగుతడు. పిలువు, ఆటో!”

ఆమె పేరు ఆయనకు తెలుసు. అయినా ‘ఆటో’ అనే పిలిచాడు. ఐదు నెలలూ అదే పేరు. ఉమారాణి సిగ్గును మింగి, కిటికీలోంచి వంగి, “తాతా, జర పక్కకు!” అంది. ముసలాయన వెనక్కి చూశాడు. అంత లారీనీ చూశాడు, అందులో ఉన్న ఆమెనూ చూశాడు. “పో బిడ్డా, పో” అని సైకిలు దించాడు.

మూలమలుపులో మక్క కంకులు కాల్చే ముత్తమ్మ విసనకర్ర ఆపి అడిగింది. “ఏం కాటమయ్యా, లారీకి గొంతు వోయిందా?”

“గొంతు పోలే అవ్వా, మర్యాద వచ్చింది” అన్నాడు కాటమయ్య. సార్ అనవద్దన్నాడు గనుక ఉమారాణి ఆ రోజు నుంచి ఆయన్ని పెద్దబాపు అంది. ఆయన కాదనలేదు, ఔననలేదు, “క్లచ్!” అన్నాడు.

పిలవడంలో కూడా తప్పులుంటాయని ఆమెకు వారం తిరక్కుండానే తెలిసింది. నర్సింహులపేట రోడ్డులో తలమీద గడ్డిమోపుతో పోతున్న మనిషిని వెనక నుంచి చూసి “అవ్వా!” అంది. మోపు తిరిగింది. దాని కింద పాతికేళ్ల ముఖం.

“ఎవలికే అవ్వ? నీ పెండ్లినాటికి నేను పుట్టిన్నో లేదో!” అని ఆ పిల్ల మోపును రోడ్డు నడుమ దించి, దాని మీద దర్జాగా కూర్చుంది. ఉమారాణి దిగి, “తప్పైంది చెల్లే, మోపు సాటున మొఖం కనవడలే” అని బతిమాలి, మోపు తలకెత్తితే గాని లారీ కదల్లేదు. ఆ పావుగంటా కాటమయ్య క్యాబిన్‌లో తాపీగా బీడీ కాల్చాడు.

“ఎనక నుంచి బట్టలు చూసి వయసు చెప్పొద్దు, నడక చూడాలె. గేర్లు తర్వాత, ముందుగాల గది నేర్చుకో.”

“మరి బర్లకు ఏం వరుస పెద్దబాపూ?”

“బర్లను ఎవలు పిలువుమన్నరు? కాసేటాయనను పిలువు. ఆయన పిలిస్తే అవి పోతయి. దేనికైనా ఒక పద్ధతుంటది.”

తొర్రూరు దగ్గర ఒక పెళ్లి ఊరేగింపు ఎదురైంది. డీజే పెట్టెల మోతలో ఆమె కేక ఆమెకే వినపడలేదు. “దిగు” అన్నాడు కాటమయ్య. “దిగి?” “పెండ్లికొడుకు మేనమామ ఎవలో కనుక్కో. గియ్యాల రోడ్డు ఆయనది.” ఆ మేనమామ ఆమెను రెండు పాటలకు ఆడించి గాని దారి ఇవ్వలేదు. జుట్టునిండా రంగుకాగితం ముక్కలతో, రొప్పుతూ ఆమె సీటెక్కితే కాటమయ్య ముఖం చిట్లించాడు. “స్టెప్పు బాగలేదు. క్లచ్ తొక్కినట్టే ఆడుతున్నవ్, ఒక్కసారే ఇడుస్తున్నవ్.”

అన్నిటికంటె కష్టం బక్కయ్య. ఒకరోజు రోడ్డుకు అడ్డంగా ఆటో పెట్టి, ఫోను చూస్తూ, వినపడనట్టు కూర్చున్నాడు.

“ఆయనను పిలువ పెద్దబాపూ. ఎంతసేపైనా ఇక్కడ్నే ఉంట.”

“పిలువు.”

“బక్కయ్యన్నా...”

“మళ్ల.”

పదకొండుసార్లు పిలిచింది. పన్నెండోసారికి ఆటోలో ఉన్న ఆడవాళ్లే బక్కయ్యను తిట్టారు. “గంత మంచిగ అన్నా అంటుంటే రాయి లెక్క కూసుంటవేంది? నీకు అక్కచెల్లెండ్లు లేరా?” ఆటో కదిలింది. బక్కయ్య ఆ రోజు నవ్వలేదు.

ఇన్ని తిట్ల నడుమ ఉమారాణికి ఒక కొత్త లోకం దొరికింది. ఆటోలోంచి చూస్తే పొలం గట్టు దాకే కనపడేది. లారీ సీటులోంచి పత్తిచేను చివరి సాలు దాకా, ఆ అవతల మంచు అడుగున కదిలే ఊరి దాకా కనపడేది. ప్రహరీ గోడల వెనక ఆరేసిన చీరలు, వాటి రంగులు, మేడ మీద పళ్లు తోముకునే పిల్లలు. దసరా దాటేసరికి ఆమె పిలవకముందే దారిలో జనమే ఆమెను పిలవడం మొదలుపెట్టారు. “ఉమక్కా, ఇయ్యాల లేటైందేం?” “ఉమా, పెద్దాయన అరుస్తలేడా?” రోడ్డు పొడుగునా తన పేరు గాలిలో ఎగురుతుంటే ఆమె వీపు నిటారుగా నిలిచేది.

పరీక్ష నవంబరు ఇరవై ఎనిమిదిన, జనగామలో, పదింటికి. అది తప్పితే మళ్లీ డిసెంబరులోనే, అప్పటికి భూపాలపల్లి స్టీరింగు ఇంకొకరి చేతికి పోతుంది. జనగామకు ఇంకా మూడు కిలోమీటర్లుండగా పత్తి మిల్లు ముందు రోడ్డు బిగుసుకుపోయింది. సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మిగతా సగంలో పత్తి ట్రాక్టర్లు. ముందూ వెనకా హారన్లే హారన్లు, ఒక్క చక్రం కదలదు. అప్పటికే తొమ్మిదిన్నర. కాటమయ్య గడియారం చూసుకోవడం ఉమారాణి ఎన్నడూ చూడలేదు. ఆ రోజు మూడుసార్లు చూసుకున్నాడు.

ఆమె తలుపు తెరిచి మెట్టు మీద నిలబడింది. నాలుగు బండ్ల అవతల పాలకుర్తి స్టాండు పసుపు ఆటో ఒకటి. “బక్కయ్యన్నా!”

ఒక్క పిలుపుకే బక్కయ్య దిగాడు. లారీని చూశాడు, ఆమె ముఖం చూశాడు, తువ్వాల తలకు చుట్టాడు. “ఏయ్, హారన్లు బందు వెట్టుండ్రి! మా చెల్లె పరీక్షకు పోతుంది. ఆమెకు హారన్ లేదు, మనమే జరుగాలె!”

ఒక్కొక్క ట్రాక్టరూ వాలుకు దిగింది. వడ్లు అమ్మకానికి తెచ్చి అక్కడ ఆరబోసుకున్న గడ్డిమోపు పిల్ల, వాళ్లమ్మతో కలిసి వాటి అంచును చెక్కపారతో లోపలికి తోసింది. “ఓ అవ్వా!” అని అరిచింది ఉమారాణిని చూసి. “నీకోసం వడ్లు ఎత్తుతున్న. పాసు గాకుంటె ఊకోను!”

పరీక్ష మైదానంలో లారీ ఎనిమిది అంకె తిరిగింది, వెనక్కి పోయి గీత మీద గీసినట్టు ఆగింది. పరీక్ష చూడ్డానికి భూపాలపల్లి నుంచి వచ్చిన హరీశ్ గోడ మీదెక్కి చప్పట్లు కొడుతున్నాడు. పరీక్ష అధికారి కాగితం మీద చివరి గడికి వచ్చాడు. “హారన్ కొట్టమ్మా.”

“లేదు సార్.”

“హారన్ లేని బండికి పరీక్షేంటి? వచ్చే నెల రండి.”

కాటమయ్య గబగబా క్యాబినెక్కాడు. జేబులోంచి కళ్లద్దాల డబ్బా తీశాడు. అందులో అద్దాల పక్కన, పత్తిలో చుట్టి, వేలి గోరంత ఫ్యూజు. దాన్ని స్టీరింగు కింద ఎక్కడో గుచ్చి, “ఇగ నొక్కు, ఆటో” అన్నాడు.

నొక్కింది. మైదానంలో పావురాలు ఒక్కసారిగా లేచాయి. అధికారి చేతిలో పెన్ను కింద పడింది. ఆయన దాన్ని వెతుక్కుని మరీ గడిలో టిక్కు పెట్టాడు.

“అబ్బ! ఎన్నేండ్లాయె గీ సప్పుడు ఇని!” హరీశ్ గోడ దూకి వచ్చాడు. “అక్కా, నాకు నేర్పేటప్పుడు పెద్దబాపు చెయ్యి హారన్ మీదికెళ్లి లేసేదే కాదు. డోర్నకల్ గేటు కాడ కొడితే రైలు గూడ ఆగి చూసేది!”

“ఈయననా? ఈయనకు హారనంటే పడదు గద!”

“ఎవలన్నరు?”

ఉమారాణి తిరిగి చూసింది. కాటమయ్య మరక లేని కళ్లద్దాలను మహా శ్రద్ధగా తుడుస్తున్నాడు. తడి ఆరని పసుపు అక్షరాలు ఆమె అరచేతికి గుర్తొచ్చాయి.

“ఎప్పుడు పీకినవ్ పెద్దబాపూ?”

“నువ్వడిగిన నాడు, పొద్దూకినంక.”

“ఎందుకు?”

“హారన్ కొడితే లారీ పోతుందనుకుంటరు. లోపల ఎవలున్నరో చూడరు.” అద్దాలు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. “స్టాండు కాడ నవ్విన్రు గద. మనిషి ఎర్కయితే నవ్వరు. గంతే. గని ఐదు నెలలు హారన్ లేక నా చెయ్యి ఎంత గుంజిందో నీకేమెర్క? ఇగ పోనియ్, డ్రైవరమ్మా.”

లారీ పాలకుర్తి దారి పట్టింది. మూలమలుపు రాగానే కాటమయ్య ఇక ఆగలేకపోయాడు. పక్క నుంచి చెయ్యి చాపి హారన్ మీద బలంగా మోపాడు. ముత్తమ్మ చేతిలో కంకి నిప్పుల్లో పడింది.

“ఓ కాటమయ్యా! లారీకి గొంతు వచ్చిందా?”

“గొంతు వచ్చి ఐదు నెలలాయె అవ్వా” అన్నాడు కాటమయ్య, స్టీరింగు ముందున్న ఉమారాణిని గడ్డంతో చూపిస్తూ. “ఇది ఉత్త హారన్.”