ముందు తాను తాగి చూపించింది

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో పిల్లల్ని భయపెట్టడానికి దెయ్యాలు అక్కర్లేదు, కొండలు చాలు. ఘాట్ రోడ్డు ఎక్కితే జ్వరం పట్టుకుంటుందనేవారు, అక్కడివాళ్ళు చేతబడి చేస్తారనేవారు. అలా అన్నవాళ్ళలో కొండ ఎక్కినవాళ్ళు నాకెవరూ కనిపించలేదు. మా తాతయ్య ఒక్కరే ఏటా చింతపండు కొనడానికి వెళ్ళొచ్చేవారు.

తొమ్మిదో ఏట నేనూ వస్తానని పట్టుబట్టాను. నాయనమ్మ బస్టాండు దాకా వచ్చింది.

"ఒలమ్మా, ఆ కొండల్లో ఎవరేటిచ్చినా నోట్లో ఎట్టకు. మంచినీళ్ళైనా సరే. సిల్లంగి ఎట్టేత్తారు, సేతబడి సేసేత్తారు."

"ముప్పయ్యేళ్ళుగా తింతన్నాను. నాకేటైంది?" అన్నారు తాతయ్య బస్సు మెట్టు మీంచి.

"అందుకే నా మాట ఇనవు" అంది నాయనమ్మ.

బస్సు దిగాక ఎండలో గంటసేపు నడిచాం. ఊళ్ళో మొదటి ఇంటి దగ్గరే తాతయ్య కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట, మాట లేదు. ఆ ఇంటావిడ లోపలికి పరుగెత్తింది. నేను చుట్టూ చూశాను. ద్వారానికి కట్టిన ఎండుకొమ్మ, మసిపట్టిన కుండ, మూలన తనలో తాను మాట్లాడుకుంటున్న ముసలమ్మ. ఏది చూసినా నాయనమ్మ మాటకు సాక్ష్యంలాగే ఉంది.

ఆవిడ ఎండిన సొరకాయ బుర్రతో చోళ్ళ అంబలి, అంటే రాగిజావ, తెచ్చి, తాతయ్యకు పట్టమని నా చేతికిచ్చి, తడిగుడ్డ కోసం వెళ్ళింది. నేను దాన్ని అరుగు పక్కన మట్టిలో ఒంపేశాను. తాతయ్యను కాపాడుతున్నాననే అనుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చి తడిసిన మట్టినీ నన్నూ చూసింది. మళ్ళీ లోపలికెళ్ళి, కుండ అడుగున మిగిలింది బుర్రలో పోసుకొచ్చింది. ఈసారి నా ఎదురుగా నిలబడి తాను రెండు గుక్కలు తాగింది.

"నాను తాగినాను కదా పాపా. సూడు, ఏటీ అవలేదు. ఇప్పుడు తాతకి పట్టనీ."

మా ఇంట్లో ఎంగిలి చేసింది ఎవరికీ ఇవ్వరు. అది నాకు ఇంకో కొత్త అనుమానం. అడ్డంగా నిలబడ్డాను. తాతయ్యే చెయ్యెత్తి నన్ను పక్కకు జరిపి, ఆ బుర్ర అందుకుని మొత్తం తాగేశారు. కాసేపటికి లేచి కూర్చున్నారు. నేను మాత్రం ఆయన ముఖంలో ఏ మార్పు వస్తుందోనని సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాను.

తిరుగు బస్సులో అడిగాను, వాళ్ళు అందరికీ ఎంగిలే పెడతారా అని.

"ఆళ్ళలో ఆళ్ళు అలా సెయ్యరమ్మా. కిందనుంచి మనవొస్తేనే ముందు తాగి సూపిత్తారు. మనవేటనుకుంతామో ఆళ్ళకి తెలుసు" అన్నారు తాతయ్య.

ఇంటికి రాగానే నాయనమ్మ, "ఏటైనా తిన్నావేటే?" అని అడిగింది. లేదన్నాను. అది నిజమే. అంత సిగ్గుపడుతూ చెప్పిన నిజం నా జీవితంలో ఇంకొకటి లేదు.

తాతయ్య పోయి చాలా కాలమైంది. ఆవిడ పేరు నేను అడగనే లేదు. ఇప్పుడు ఆ కొండల మీద మంచు చూడడానికి కార్లు బారులు తీరుతున్నాయి. చాలామంది తిండి మాత్రం కిందనుంచే కట్టుకెళుతున్నారు.

నేను ఎవరింటికి వెళ్ళినా, గ్లాసు చేతికివ్వగానే తాగేస్తాను, దాహం లేకపోయినా సరే. ఇచ్చిన మనిషికి నా ముఖం వంక చూడాల్సిన అవసరం రాకూడదు.