తెలుగు సాయిబుల పంతులు మదారు

మా మేనమామ మదారు తన తండ్రి శవాన్ని వాకిట్లో పెట్టుకుని పొద్దంతా ఎదురుచూస్తే, సాయంత్రానికి నల్లగొండ నుంచి ముల్లా వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి, మేము కోళ్లు కోసే కత్తి మీద దువా చదివి, జొన్నలు కట్టించుకుపోయే మనిషే.

"కల్మా చదువు" అన్నాడు మామతో. మామకు రాదు. మా తొమ్మిది దూదేకుల ఇళ్లలో ఎవరికీ రాదు. ఎవరు నేర్పారని?

"గీ తెలుగు సాయిబులకు నమాజు దేనికి? పూడ్చుకోన్రి" అని బండెక్కాడు.

నమాజు లేకుండానే పూడ్చారు. మర్నాడే మామ నల్లగొండకు నడిచాడు. రెండేళ్లు మసీదు ఊడ్చి, చదువు నేర్చుకుని, కట్టంగూర్ పక్కనున్న మా పల్లెకు తిరిగొచ్చాడు. ఇంటింటా పిడికెడు జొన్నలు పోగుచేయించి బడి గుడిసె వేయించాడు. దువాలను తెలుగు అక్షరాల్లో రాసి, ఆడవాళ్లకూ పిల్లలకూ అర్థం చెప్పి నేర్పాడు.

"బావా, అల్లాకు తెలుగొస్తదా?" అని మా నాయిన ఎగతాళి చేసేవాడు.

"వస్తది. నీ మొద్దు గొంతే ఆయన చెవికెక్కదు. గట్టిగ చదువు!"

తప్పు లేకుండా ఒప్పజెప్పిన పిల్లలకు పుట్నాలు పెట్టేవాడు. ఊళ్లోకి కొత్తవాళ్లెవరొచ్చినా మా చెల్లె జానమ్మను పిలిచి, "అడుగున్రి, చూద్దురు గని" అనేవాడు.

నలభై ఎనిమిదిలో ఫౌజులొచ్చి నిజాం రాజ్యం పోయింది. రజాకార్లు చేసిన పాపానికి, దొరికిన సాయిబునల్లా నరుకుతున్న రోజులవి. మామ పరుపుల పనికి ఆలేరు వెళ్లాడు. ఎక్కడివాళ్లో ఇరవైమంది కత్తులతో మా వాకిట్లోకి వచ్చారు.

"దూదేకులోళ్లం, బాంచెన్. నమాజు మాకేమెరుక?" అన్నాడు నాయిన.

నమ్మారు. కత్తులు దించారు కూడా. వెళ్తూ వెళ్తూ ఒకడు జానమ్మను అడిగాడు: "నీకు గూడ రాదా, పిల్లా?"

ఏడేళ్లది. చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట తప్పకుండా చదివింది. చదివి, పుట్నాల కోసం ఒడి పట్టింది.

నేను పక్కనే ఉన్నాను. ఊళ్లల్లో సాయిబులను నరుకుతున్న సంగతి, దొరికిన కాగితమల్లా చదివి నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? దాని నోరు మూయడానికి నా చెయ్యి లేవలేదు. నాయినను అక్కడే నరికారు.

ఆ రోజు నుంచి చెల్లె మాట్లాడలేదు. నెల తర్వాత ఆలేరు వెళ్లాను. మామ ఎవరి అరుగు మీదో కూర్చుని దూది ఏకుతున్నాడు. సంగతి అప్పటికే విన్నాడు.

"నువ్వొస్తే మాట్లాడుతదేమో మామా. జర రా" అన్నాను.

తలెత్తకుండా దూది ఏకుతూనే అన్నాడు.

"నేను రాను, అల్లుడా. నన్ను చూస్తే అది మాట్లాడదు. పాఠం ఒప్పజెప్తది."