చిన్నాయన చేసిన మరువం లైటు

మా చిన్నాయన పోయాడన్న కబురు బడిలో పాఠం చెబుతుండగా ఫోన్‌లో తెలిసింది. పొద్దున చాయ్ తాగి, చిన్నమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, అలాగే ఒరిగిపోయాడట. జక్రాన్‌పల్లి నుంచి ఆర్మూర్ బస్సు ఎక్కితే సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆయన మాత్రం ఇన్నాళ్లకు కూర్చున్నాడు అనుకున్నాను.

పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు సీరియల్ లైట్లు కట్టడం ఆయన పని. చిన్నమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక నిచ్చెన ఎక్కడం మానేశాడు. వంట, బట్టలు, మందులు, ఆమెను లేపి కూర్చోబెట్టడం, అన్నీ ఆయనే. పిల్లలు లేరు. పక్క వీధిలో ఉండే నేను బడి నుంచి వస్తూ కాసేపు ఆగేదాన్ని, అంతే.

మీలో ఎవరైనా పసుపు సీజన్‌లో ఆర్మూర్ వచ్చి ఉంటే తెలిసే ఉంటుంది. ఉడకబెట్టి ఎండబోసిన పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. అలాంటి షెడ్డు ఒకటి మా చిన్నాయన ఇంటి వెనకే ఉండేది. అక్కడ లేచే దుమ్ముకు చిన్నమ్మకు దమ్ము ఎక్కువై ఊపిరాడేది కాదు. అందుకని ఆ గదికున్న ఒక్క కిటికీనీ మూసేశారు. దానితో కిటికీలో ఉన్న మరువం కుండీకి ఎండ పోయింది.

ఆ మరువం చిన్నమ్మ తల్లి సిరికొండలో పెంచిన మొక్కనుంచి తెచ్చిన కొమ్మ. తల్లి పోయింది, అక్కడి మొక్కా పోయింది. మిగిలింది ఈ కుండీ ఒక్కటే. చిన్నమ్మ పొద్దున్నే పడుకున్నచోటు నుంచే చెయ్యి చాచి ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసుకునేది. బయట పెడదామంటే ఒప్పుకోలేదు. “అది బయటుంటే లోపల నేనేం జూసుకుంట పండుకోవాలె?” అంది.

ఒకరోజు పేపర్లో రైతుల పేజీ చదివి వినిపిస్తున్నాను. ఎర్ర, నీలి ఎల్‌ఈడీల వెలుగులో ఇంట్లో కూడా మొక్కలు పెరుగుతాయని రాశారు. చిన్నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “మండపాలకు కట్టంగ మిగిలినయ్ మస్తున్నయ్ గదా బిడ్డా” అన్నాడు.

మొదటి లైటును మండపానికి కట్టినట్టే కట్టాడు. అన్నీ ఒకే వరస. ఒక బల్బు పోతే మొత్తం చీకటి. నేల మీద కూర్చుని ఒక్కో బల్బుకూ వైరు తాకించి పోయినదాన్ని వెతికేవాడు. “పెండ్లి పందిరి గాదయ్యా, మొక్క” అని చిన్నమ్మ మంచం మీంచి ఎత్తిపొడిచింది. చిన్న చిన్న వరసలుగా విడగొట్టాడు. అప్పుడు వేడికి బల్బులు మాడాయి. బల్బులు గుచ్చిన అట్టముక్క తీసేసి, చిన్నమ్మ అన్నం వండే సిల్వర్ గంజు మూతకు బెజ్జాలు కొట్టి బిగించాడు. “నా గంజును మొండిది జేసిండు” అని చిన్నమ్మ చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పింది. ఆ తర్వాత మొక్క సన్నగా, పొడుగ్గా సాగింది. లైటును జానెడు దూరానికి దించాడు. కుండీలో నీళ్లు పోసినప్పుడు తడి తగలకుండా బల్బుల కింద అద్దంలాంటి ప్లాస్టిక్ కాగితం ఒకటి కట్టాడు. మూత అంచున పసుపు, కుంకుమ బొట్టు పెట్టించింది చిన్నమ్మ. సైకిల్‌కు కొత్త టైరు వేసినా మా ఇళ్లలో బొట్టు పెట్టకుండా తొక్కరు.

మరువం తేరుకుంది. గదిలో గోడ వంకాయ రంగులో వెలిగేది. చిన్నాయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మళ్లీ పసుపు సీజన్ వచ్చింది. ఆకు మళ్లీ పాలిపోయింది. ఆయన లైటు దింపి, కాగితం విప్పి, అన్నీ పరీక్షించాడు. బల్బులన్నీ బాగానే వెలిగాయి. కాగితం కట్టి తగిలించాడు. మొక్క ఇంకా నీరసించింది. అడాప్టర్ మార్చాడు, రెసిస్టర్లు మార్చాడు, వైర్లు మార్చాడు. కరెంటు కోతల మీద అనుమానపడి స్కూటర్ బ్యాటరీ తెచ్చాడు. నేను వెళ్లేసరికి మంచం మీద ఆమె, నేల మీద ఆయన, మధ్యలో విప్పిన లైటు. ముగ్గురిలోనూ సత్తువ లేదు. “లైటు అబద్ధమాడదు బిడ్డా, మనకే దాని మాట ఇనొస్తలేదు” అనేవాడు. ఒక సాయంత్రం ఆ మాట కూడా అనలేకపోయాడు. స్క్రూడ్రైవర్ విసిరేసి, “సాలు. సస్తే సావనీ” అన్నాడు.

చిన్నమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే అడిగింది. “ఏమయ్యా, ముందుగాల గోడ వంకాయ రంగుండె. గిప్పుడు ఉత్త ఎర్రగున్నదేంది? నీలిది యాడ వాయె?”

చిన్నాయన లేచి బల్బుల కింది కాగితాన్ని వేలితో రాశాడు. వేలు పసుప్పచ్చగా వచ్చింది. మూసిన కిటికీ సందుల్లోంచి దూరిన పసుపు దుమ్ము కాగితం నిండా పరుచుకుని నీలి వెలుగును ఆపేసింది. పరీక్ష చేసిన ప్రతిసారీ ఆ కాగితాన్నే విప్పి పక్కన పెట్టాడు, మళ్లీ దాన్నే కట్టాడు. మేమిద్దరం రోజూ చూశాం. మట్టి అయితే ఎప్పుడో తుడిచేవాళ్లం. పసుపును మురికి అనుకోవడం మా ఊరి కళ్లకు రాదు.

“నీ కాళ్లకు రాసుకునేది లైటు గూడ రాసుకుంటే ఎట్లనే” అని చిన్నాయన నవ్వాడు. చిన్నమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం తడిగుడ్డతో ఆ కాగితాన్ని, ఆకుల్ని తుడిచేవాడు. ఎంత అలసిపోయినా తుడిచేవాడు. మూత అంచున బొట్టును మాత్రం ముట్టేవాడు కాదు.

చిన్నాయన దినాలనాటికి మళ్లీ పసుపు సీజనే. తుడిచేవాళ్లు లేక గోడ ఎర్రబారింది, ఆకు వాడింది. పొద్దున చిన్నమ్మకు బొట్టు తీశారు. మధ్యాహ్నం చుట్టాలు భోజనాల దగ్గర ఉండగా నేను చిన్నాయన గుడ్డ తడిపి కాగితం తుడుస్తున్నాను. వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ గడపలో నిలబడి, “ఆ మూతకున్న బొట్టు గూడ తుడ్వు బిడ్డా. ఇంగ ఆమె ముందల అదెందుకు?” అంది.

“ముట్టకు” అంది చిన్నమ్మ. చిన్నాయన పోయాక ఆమె నోట నేను విన్న మొదటి మాట అది. “నాది తీసిండ్రు, తీస్కోండ్రి. ఆ బొట్టు లైటుది. అది బతికే ఉన్నది.”

పెద్దమ్మ భోజనాల దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఒక్కో ఆకూ తుడిచి స్విచ్ వేశాను. గోడ వంకాయ రంగుకు తిరిగింది. చిన్నమ్మ చెయ్యి చాచి ఒక ఆకు తుంచి నలిపింది. తను వాసన చూసుకోలేదు. పక్కనున్న చిన్నాయన ఖాళీ కుర్చీ చేతి మీద దాన్ని పెట్టింది.