ఊరుబిండి కోసం పోతూ పడ్డాను

చెయ్యి విరిగింది నాకు. కథలు అల్లింది మాత్రం మా ప్లాంటంతా.

నంద్యాల దగ్గర విత్తనాలు శుభ్రం చేసే ప్లాంటులో నా పని. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. జల్లెడ మిషన్ దాటి వచ్చిన గింజల్లో పుచ్చువి ఏరాలి. కళ్లూ, కుడిచేతి వేళ్లూ బాగుంటే చాలు, ఆ పని ఎంతకాలమైనా చేసుకోవచ్చు.

మధ్యాహ్నం సైరన్ మోగగానే మిషన్లన్నీ ఆగుతాయి. మా ఆడవాళ్లలో ఎవరూ తమ బాక్సు తామొక్కరే తినరు. పోయిన ఎండాకాలం ఒకరోజు గిన్నె పట్టుకుని ప్యాకింగ్ షెడ్డుకు బయల్దేరాను. శిరివెళ్లలో నా బస్సే ఎక్కే స్నేహితురాలు అక్కడ సంచులు కుడుతుంది. వేయించిన వేరుశెనగ బుడ్డలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరి ఆమె తెచ్చే ఊరుబిండి అంటే నాకు ప్రాణం. కొళాయి దగ్గర తడి గచ్చు మీద కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది.

లోపల ప్లేటు వేయాలన్నాడు డాక్టరు. ఆలస్యమైతే వేళ్లు సరిగా ముడుచుకోవన్నాడు. ఇంట్లో అంత డబ్బు లేదు. ప్లాంటు తరఫున మాకున్న ప్రమాద బీమా ఒక్కటే దిక్కు. అప్పుడే వచ్చాడు మా సూపర్‌వైజర్.

"అన్నం టైంలో పడితే బీమా రాదమ్మా. మిషన్ కాడ పడినానని చెప్పు. మేమంతా సాక్ష్యం చెప్తాం."

నోరు కట్టుకుని నా చారన్నం నేను తినుంటే పోయేది కదా అని రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండో రోజే బీమా ఆఫీసు సారు విచారణకు ప్లాంటుకు వచ్చాడు. గుడ్డకట్టుతో చెయ్యి మెడకు వేలాడేసుకుని నేనూ వెళ్లాను. మావాళ్లు నా మీద ప్రేమకొద్దీ నోటికొచ్చింది చెప్పారు. సూపర్‌వైజర్ నన్ను జల్లెడ పక్కన పడేశాడు. ఇంకొకామె బస్తాల మీదినుంచి దొర్లించింది. నా స్నేహితురాలైతే కళ్లు తుడుచుకుంటూ, "మిషన్ గిర్రున తిరుగుతాంటే ఈమె కొంగు పట్టుకుని లాగింది సార్" అంది.

"ఎప్పుడు?" అన్నాడాయన.

"అన్నం సైరన్ కొట్టినాక సార్."

"సైరన్ కొట్టినాక మిషన్ యాడ తిరుగుతాదమ్మా?"

నాకు ఓపిక చచ్చింది. చెయ్యి పోతే పోనీ, ఇంతమంది నాకోసం దొంగల్లా తలలు దించుకుని నిలబడటం చూడలేకపోయాను.

"ఇవన్నీ అబద్ధాలు సార్. ఊరుబిండి కోసం పోతాంటి. కొళాయి కాడ జారి పడినా. అంతే."

ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"గేటు లోపలే, వాళ్లిచ్చిన అన్నం టైంలోనే కదా పడింది? అది గూడా పని కిందికే వస్తాది. దానికీ బీమా ఉండాది. ఈ మిషన్ కత రాసుకొని పోయింటే మాత్రం, అబద్ధమని మొత్తం కొట్టేసేటోళ్లు." సూపర్‌వైజర్ వైపు తిరిగి, "ఎవరప్పా వీళ్లకు రాదని చెప్పింది?" అన్నాడు.

సూపర్‌వైజర్ జల్లెడ మిషన్‌ను ఎన్నడూ చూడనట్టు తేరిపార చూశాడు. నేను అక్కడే బస్తా మీద కూలబడి ఏడ్చాను. అంత హాయిగా నా జన్మలో ఏడవలేదు.

ఆపరేషన్ అయింది. వేళ్లు ముడుచుకుంటున్నాయి. కట్టు విప్పకముందే ఒక మధ్యాహ్నం అందరినీ చూద్దామని ప్లాంటుకు వెళ్లాను. స్నేహితురాలి బాక్సులో ఉట్టి పప్పన్నం ఉంది.

"ఊరుబిండి ఏదిమే?"

"నా ఊరుబిండి వల్లనే నీ చెయ్యి పోయిందనుకుంటి. మళ్లా రోలు ముట్టుకోలేదు" అంది, తల ఎత్తకుండా.

"దానికి గూడా బీమా ఉండాదంట గదమే. రేపు నూరుకొని రా."

మర్నాడు మళ్లీ వెళ్లాను. సైరన్ మోగగానే, జల్లెడ పక్కన కూర్చున్నదాన్ని, అలవాటు కొద్దీ లేవబోయాను. "లేయాకు! ఆడే కూర్చో!" అని ప్యాకింగ్ షెడ్డులోంచి నా స్నేహితురాలు అరిచింది. తడి గచ్చు మీద ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ ఆమే వచ్చింది. ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. నూరే కంగారులో ఉప్పు వేయడం మరిచిపోయినట్టుంది. నేను చెప్పలేదు. రెండో ముద్దకు నోరు తెరిచాను.