ముప్పై ఏడో నంబరుకు పలికింది నేను

ఉదయగిరి కొండ కింద బస్సు పక్కన నిలబడి, ముప్పై ఏడో నంబరు పిలిచినప్పుడు "ఎస్సార్" అని పలికింది నేను. ఆ నంబరు నాది కాదు. నా స్నేహితుడిది. ఇరవై ఏడేళ్లుగా మా బ్యాచ్‌లో ఒక్కడు తప్ప అందరూ అతనే పలికాడని అనుకుంటున్నారు. మొన్న వేసవి దాకా అతను కూడా అలాగే అనుకున్నాడు.

ఈ మాట మొదట్లోనే రాసేస్తున్నాను. చివరికి దాచుకుంటే, ఈలోగా నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకునే సందు దొరుకుతుందని భయం.

ఆత్మకూరులో మేము డిగ్రీ చదివిన కాలేజీకి సగం మంది బస్సుల్లో వచ్చేవాళ్లు. అనంతసాగరం వైపు నుంచి, కలిగిరి వైపు నుంచి, ఉదయగిరి నుంచి. బస్సు ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోయేది. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో వారానికి వారమే పోయేది. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. అందుకని మాలో ఒక ఆచారం ఉండేది. రానివాడి నంబరుకు వచ్చినవాడు పలకాలి. ప్రాక్సీ అనేవాళ్లం. ఎవరూ ఎవరినీ అడిగే పని లేదు. పక్కవాడు లేడని తెలిసీ నోరు మూసుకు కూర్చున్నవాడిని మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తినేటప్పుడు ఎవరూ పలకరించేవాళ్లు కాదు. మా దృష్టిలో అది మోసం కాదు, మర్యాద.

నాకు గొంతులు అనుకరించడం వచ్చు. కాలేజీ డే నాడు స్టేజీ ఎక్కి మా లెక్చరర్లందరి గొంతులతో మాట్లాడి స్టీలు క్యారియర్ బహుమతి తెచ్చుకున్నాను. దాంతో ప్రాక్సీకి నాకున్న గిరాకీ ఇంకెవరికీ లేదు. ఒకే పీరియడ్లో నాలుగు గొంతులతో పలికిన రోజులున్నాయి.

నా స్నేహితుడికి అది రాదు. అయినా రెండో సంవత్సరం నాకు పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నప్పుడు, రోజూ నా నంబరుకు అతనే పలికాడు. దగ్గు నటించి, చెయ్యి అడ్డం పెట్టుకుని పలికేవాడట. ఆదివారం చర్చి అయిపోగానే సైకిలు మీద మా ఊరొచ్చి నోట్సు ఇచ్చి వెళ్లేవాడు.

అతను పరిగెత్తేవాడు. తెల్లవారే లేచి ఊరి నుంచి చెరువు కట్ట దాకా, కట్ట నుంచి ఊరికి, ఆ తర్వాతే బస్సు. మా గ్రౌండులో పల్లేరుగాయలు ఏరుకుని మరీ ప్రాక్టీసు చేసేవాడు. ప్రిన్సిపాల్ గదిలో బీరువా మీద ఉన్న ఒకే ఒక్క యూనివర్సిటీ కప్పు అతను తెచ్చిందే. కానిస్టేబుల్ సెలక్షన్లకు వెళ్లాలన్నది అతని లక్ష్యం. రాత పరీక్ష సంగతేమో కానీ, పరుగులో అతన్ని ఆపేవాడు జిల్లాలో లేడని అందరం అనుకునేవాళ్లం. వాళ్ల నాయన కూలి పని చేసేవాడు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా, "మావోడు పోలీసు డ్రస్సులో చర్చికొచ్చే రోజు నేను ముందు బెంచీలో కూర్చోను నాయనా, తలుపు కాడ నిలబడి చూస్తా," అనేవాడు.

ఫైనలియర్లో ఎక్స్‌కర్షన్ అన్నారు. కొందరు హైదరాబాదన్నారు, కొందరు తిరుపతన్నారు. ఆఖరికి ఉదయగిరి కొండ తేలింది. రెండు బస్సులు, పులిహోర పొట్లాలు, ఒక అద్దె కెమెరా. ఇప్పటి పిల్లలకు నవ్వు రావచ్చుగానీ, మూడేళ్లలో ఆడపిల్లలతో మేము తడబడకుండా మాట్లాడింది ఆ ఒక్కరోజే. మెట్లెక్కుతూ అంత్యాక్షరి పాడుకున్నాం. పైన పాత కోట గోడల దగ్గర ఫోటోలు దిగాం.

నాలుగు గంటలకు దిగమన్నారు. ఆ రోజు నేను అతన్ని చివరిసారి చూసింది అప్పుడే. కూలిన గోడ మీద నిలబడి ఉన్నాడు. చొక్కా విప్పి నడుముకు కట్టుకున్నాడు.

"దిగురా, సార్ అరస్తాడు," అన్నాను.

"మీరు దిగండిరా ముసిలోళ్ల మాదిరి. నేను ఆ పక్కనుంచి దిగి మీకంటే ముందుంటా."

"పడితే మీ నాయనకి ఎవురు చెప్పాల?"

"నువ్వే చెప్పు. ఆయన గొంతుతోనే చెప్పు," అని నవ్వాడు.

కిందికి వచ్చేసరికి అతను లేడు. అతని పెద్దమ్మ ఇల్లు ఉదయగిరిలోనే. నాటుకోడి కూర చేస్తానన్నదని పొద్దున బస్సులో చెప్పాడు. అక్కడికే పోయి ఉంటాడు, రేపు పొద్దున బస్సుకు వస్తాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ అనుకోవడం వేరు, తెలియడం వేరు. నాకు తెలియదు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మా వెంట వచ్చిన లెక్చరరు సార్ రిజిస్టరు బానెట్ మీద పెట్టుకుని నంబర్లు పిలుస్తున్నాడు. ముప్పై ఆరు పలికాడు. ముప్పై ఏడు దగ్గర ఎవరూ పలకలేదు. సార్ తలెత్తాడు.

"ముప్పై ఏడు! యాడరా మన పరుగులోడు?"

నేను ఇద్దరి వెనక్కి జరిగి, అతని గొంతులో ఉండే ఆ కొద్దిపాటి బొంగురును తెచ్చుకుని, "ఎస్సార్, ఇక్కడే ఉండాను సార్," అన్నాను.

ఎస్సార్ అని ఊరుకుంటే సరిపోయేది. "ఇక్కడే ఉండాను" అన్నది నా సొంతం. బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది. పక్కనున్నవాడు నా నడుం గిల్లి నోరు మూసుకుని నవ్వాడు. సార్ టిక్కు పెట్టాడు. పచ్చ ఇంకు.

ఆ సార్ ఎలాంటివాడో కూడా చెప్పాలి. పొద్దున వచ్చేటప్పుడు ఒకమ్మాయి చెప్పు కిటికీలోంచి జారిపోతే బస్సు ఆపించి, తనే దిగి వెనక్కి నడిచి తెచ్చిన మనిషి. ముప్పై ఏడుకు ఎవరూ పలకకపోయి ఉంటే ఆయన బస్సు కదలనిచ్చేవాడు కాదు. ఇంకా గంట వెలుతురు ఉంది. అరవైమందిమి ఉన్నాం.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు దాకా పాటలు పాడాం. నేనూ పాడాను.

మర్నాడు అతను కాలేజీకి రాలేదు. మొదటి పీరియడ్లో కూడా అలవాటుగా నేనే పలికాను. అది వేరే లెక్చరరు రిజిస్టరు, తర్వాత దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. పొద్దున మేకలు తోలుకుని కొండెక్కిన ఒకాయనకు గోడ కింద బండల సందులో మూలుగు వినిపించిందట. తలకు దెబ్బ. కుడి కాలి ఎముక విరిగి బయటికొచ్చింది, పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది. మంచం మీద కిందికి మోసి, ఆత్మకూరు తెచ్చి, అక్కడి నుంచి నెల్లూరు తీసుకుపోయారు. పాదానికి రక్తం ఆగిపోయి చాలాసేపైంది, నిన్న సాయంత్రమే తెచ్చి ఉంటే కాలు దక్కేది అన్నాడట డాక్టరు. మోకాలి కింద తీసేశారు.

తల దెబ్బ వల్ల అతనికి ఆ రోజు ఏమీ గుర్తు లేదు. పులిహోర పొట్లాలు బస్సులోకి ఎక్కించినంతవరకే గుర్తు. ఆ తర్వాత ఆసుపత్రి ఫ్యాను.

వారం తర్వాత ప్రిన్సిపాల్ గదికి మమ్మల్ని ముగ్గురిని పిలిపించారు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. అతని వాళ్ల నాయన కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. బీరువా మీది కప్పు వైపు చూస్తున్నాడు.

"హాజరు వేసినప్పుడు ముప్పై ఏడు పలికినాడా లేదా? మీరు విన్నారా?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

"విన్నాను సార్," అన్నాను.

నన్ను గిల్లినవాడు నా పక్కనే ఉన్నాడు. వాడూ విన్నానన్నాడు.

అప్పుడు ఆ పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు నాయనా. నా బిడ్డ కిందికి దిగొచ్చినాడా? నీ కళ్లతో చూసినావా?"

"దిగినాడు పెదనాయనా."

"దిగినోడు మళ్లా పైకెందుకు పోయినాడు?"

గదిలో ఉన్న గుమాస్తా ఎవరికో చెబుతున్నట్టు, "ఏం దాచిపెట్టుకోనుండాడో పైన. వయసు పిల్లోళ్లు, తాగరా ఏంది?" అన్నాడు. పెద్దాయన నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను కాదనలేదు. తల దించుకున్నాను. తల దించుకోవడాన్ని ఆయన అవునని అర్థం చేసుకున్నాడు. ఆయన అలా అర్థం చేసుకుంటాడని ఆ క్షణంలో నాకు తెలుసు.

అంతటితో కాలేజీ తప్పేమీ లేకుండా పోయింది. అందరూ దిగారు, హాజరు వేశారు, ఒక్కడు మాట వినకుండా తిరిగి పైకి వెళ్లాడు, అదే రికార్డు. ఆ రికార్డు నా గొంతు మీద నిలబడింది.

అతను తాగడానికి కొండెక్కి కాలు పోగొట్టుకున్నాడని ఊళ్లో పాకింది. వాళ్లది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. ఆ ఇంట్లో సారా వాసన తెలిసినవాళ్లు లేరు. చర్చి పెద్దలు పెద్దాయన్ని ఏమీ అనలేదు. పాట ఎత్తుకోమని మాత్రం ఎవరూ అడగడం మానేశారు. ఆయన వెనక బెంచీకి మారాడు. కొడుకు పొద్దున్నే కట్టుకాలు తగిలించుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "పైకెందుకు పోయినావురా?" అని అడిగేవాడట. కొట్టలేదు, తిట్టలేదు, అడిగేవాడు. కొన్నేళ్లకు చనిపోయాడు. నేను వెళ్లాను. పాడె కూడా మోశాను.

నేను టీచరునయ్యాను. ఇప్పుడు జలదంకి దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు హాజరు ఫోనులోనే, పిల్లవాడి ముఖం చూపిస్తేనే పడుతుంది. అయినా సోమశిల తీసుకెళ్లినా, పక్క వీధికి ర్యాలీకి తీసుకెళ్లినా, ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టి లెక్కపెడతాను. "సారు గొర్రెల్ని మందలోకి తోలినట్టు లెక్కపెడతాడబ్బా," అని తోటి టీచర్లు నవ్వుతారు. జాగ్రత్త గల మనిషినని పేరు కూడా ఉంది.

మొన్న వేసవిలో మా బ్యాచ్ మళ్లీ కలిసింది. అందరికీ ఒకే రంగు టీషర్టులు. స్టేజీ మీద ఒక్కొక్కరు ఒక్కో జ్ఞాపకం చెప్పాలన్నారు. అతను మైకు దగ్గరికి నడిచి వచ్చాడు. జుట్టు నెరిసింది, గొంతు మారలేదు.

"నా కత మీ అందరికీ తెలిసిందే. దిగినోడు దిగినట్టు ఉండక మళ్లా కొండెక్కినాడంట. ఎవరికోసం ఎక్కినాడో నాకు ఈరోజుకీ గుర్తు రాలా. ఆయమ్మ ఈ సభలో ఉంటే దయచేసి చెయ్యెత్తాల!"

అందరూ విరగబడి నవ్వారు. ఇద్దరు ఆడవాళ్లు సరదాగా చెయ్యెత్తారు. నన్ను గిల్లినవాడు ఈలేశాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే అతను నా వైపు చూసి చెయ్యి ఊపాడు.

నాలుగు రోజుల తర్వాత ఆత్మకూరులో అతని షాపుకు వెళ్లాను. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్ టికెట్ల షాపు. ఇద్దరు కుర్రవాళ్లకు కానిస్టేబుల్ దరఖాస్తు నింపుతున్నాడు. "ఎత్తెంత? ఛాతీ గాలి పీల్చినాక ఎంత? పరుగుకి ఇప్పట్నించే దిగండిరా, నోటిఫికేషన్ చూసి లేస్తే రాదు," అని చెబుతున్నాడు. వాళ్లు వెళ్లేదాకా కూర్చున్నాను. తర్వాత చెప్పాను. పైన రాసింది రాసినట్టే, ఆ గుమాస్తా మాటతో సహా.

అతను చాలాసేపు కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడుస్తూ ఉన్నాడు.

"అట్టనే పలుకు ఒకసారి," అన్నాడు.

"వద్దురా."

"పలుకు."

పలికాను. నలభై ఎనిమిదేళ్ల గొంతుతో, "ఎస్సార్, ఇక్కడే ఉండాను సార్."

"అచ్చం నేనే," అన్నాడు. "అంటే నేను పైకి పోలేదు," అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. నాకు చెప్పడం కాదది. "నేను పైకి పోనేలేదు. అసలు దిగనే లేదు."

నేను క్షమించమన్నాను. ఆ మాట అతని చెవిన పడినట్టు లేదు.

"కొండ కాడ పలికినావే, దానికి నిన్నేమీ అనను. నీకు నేను మూడు వారాలు పలికినా. ఆ రూములో మా నాయన నిన్ను అడిగినాడు చూడు, నువ్వు చూసినావా అని. అప్పుడేంది నీకు?"

అతను ప్రింటరు స్విచ్చి ఆపేశాడు.

"ఆదివారం మా చర్చికి రా. మా నాయన్ని ఎనక బెంచీలో కూర్చోబెట్టినోళ్లు ఇంకా నలుగురైదుగురు ఉండారు. వాళ్ల ముందర చెప్పు. బ్యాచోళ్లకి రాసి పంపు. ఇంక నా షాపుకి రావద్దు."

వెళ్లాను. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచారు. కొత్తవాళ్లకు సంగతేమిటో తెలియదు, ఫోన్లు చూసుకుంటున్నారు. పెద్దవాళ్లలో ఒకాయనకు చెవులు సరిగా వినపడవు. "ఎవురితను? ఏం చెప్తాండాడు?" అని పక్కాయన్ని అడుగుతున్నాడు. నేను గొంతు పెంచి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నా స్నేహితుడు ముందుకు రాలేదు. వాళ్ల నాయన కూర్చునే వెనక బెంచీలోనే కూర్చున్నాడు.

ముందు వరసలో ఒక అవ్వ ఉంది. పెద్దాయన పాట ఎత్తుకుంటే మొదట అందుకునేది ఆవిడేనని తర్వాత తెలిసింది. నా మాట అయిపోయాక ఆవిడ తలెత్తి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయనా?"

ఇరవై ఏడేళ్లలో ఆ ప్రశ్నకు నేను చాలా జవాబులు తయారు చేసుకున్నాను. అక్కడ ఒక్కటీ నోట్లోకి రాలేదు. ఉన్నదే వచ్చింది.

"రెండు నెలల్లో పరీక్షలు ఉండినాయవ్వా."

వెనక బెంచీ కదిలిన చప్పుడైంది. అతను లేచి బయటికి నడిచాడు. గచ్చు మీద ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా, తలుపు దాకా వినిపించింది.